మిస్ ఒడెస్సా శ్రుతి

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి చికాగోలో మంచు కురుస్తోంది. స్టేట్ స్ట్రీట్ వెనకవైపు ఒక ఫర్నిచర్ గోడౌన్ ఉంది. దాని మూడో అంతస్తులోని చిన్న రికార్డింగ్ స్టూడియోలో ముగ్గురు వాద్యగాళ్లు కోట్లు విప్పకుండానే సామాను సర్దుకుంటున్నారు. గదిని వెచ్చబెట్టడానికి గోడ వెంబడి ఆవిరి గొట్టాలు ఉన్న మాట నిజమే. కానీ అవి ఉండుండి టంగుటంగుమని మోగుతాయి, ఆ మోత టేపులోకి ఎక్కుతుంది. అందుకని రికార్డింగ్ మొదలయ్యే ముందు కాట్లర్ కిందికి వెళ్లి ఆవిరి కట్టేసి వస్తాడు. గంట గడిచేసరికి ఆ గదిలో నోరు తెరిస్తే పొగ వస్తుంది.

కాట్లర్ అంటే ఆ రికార్డు కంపెనీ యజమాని. గుమాస్తా, టేపు మిషను నడిపేవాడు, కాఫీ తెచ్చేవాడు కూడా ఆయనే. గాజు పలక అవతల ఇరుకు గదిలో కూర్చుని స్పీకర్లో మాట్లాడతాడు. ఆ గదిలో మాత్రం కరెంటు హీటరు ఉంది.

"ఆయనకి మే నెల, మనకి జనవరి," అన్నాడు క్లైడ్. డ్రమ్స్ వాయించేది అతనే. ముప్పై దాటలేదు, నోరు ఊరుకోదు. ఉన్ని చేతితొడుగులకి వేళ్ల కొసలు కత్తిరించి మరీ తొడుక్కుని వచ్చాడు.

"వాయించు, అదే వేడెక్కుతుంది," అన్నాడు లెమ్యూల్. ఆయనది బేస్. మనిషంత ఎత్తున్న ఆ వాయిద్యాన్ని ముప్పై ఏళ్లుగా రైళ్లలో, బస్సుల్లో, కారు కప్పులకి కట్టి దేశమంతా తిప్పాడు. నడుము కాస్త వంగింది కాని చెవి మాత్రం పాము చెవి.

ఎల్వుడ్ గేన్స్ పియానో ముందు కూర్చుని జేబులోంచి ఒక అట్టముక్క తీశాడు. చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పొద్దుటినుంచి అది ఎన్నోసారో అతనికే లెక్క లేదు.

"ఏరా, నీ పేరు ఇంకా అందులోనే ఉందా, ఎగిరిపోయిందా?" అన్నాడు లెమ్యూల్.

"ఉందన్నా, ఉంది," అని ఎల్వుడ్ సిగ్గుపడి నవ్వాడు.

అది రికార్డు అట్ట నమూనా. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో అతని పేరు, ఒక్క అతని పేరే. నలభై నాలుగేళ్లు వచ్చాయి, తన పేరు అచ్చులో అంత లావుగా చూసుకోవడం అతనికి ఇదే మొదలు. పందొమ్మిదేళ్లపాటు వాల్‌పోస్టర్ల మీద పడింది 'మిస్ ఒడెస్సా టిబ్స్' అన్న పేరు. దాని కింద చోటు మిగిలితే 'పియానో సహకారంతో' అని వేసేవాళ్లు. ఎవరి సహకారమో వేసేవాళ్లు కాదు. స్టేజి మీద ఆవిడ చెయ్యి చాపి, "వీడు మా పియానో అబ్బాయి," అనేది. జనం నవ్వేవాళ్లు. ఎల్వుడ్ కూడా నవ్వేవాడు, నవ్వక చస్తాడా.

మిస్ ఒడెస్సా పోయి మూడు నెలలయింది. అప్పటినుంచి ఎల్వుడ్‌కి కుదురు లేదు. నిద్ర పట్టదు, తిన్నది వంటికి పట్టదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో పోవాలనిపిస్తుంది. వేళ్లు మాత్రం టేబుల్ మీదో మోకాలి మీదో ఏదో ఒకటి వాయిస్తూనే ఉంటాయి. ఈ రికార్డు ఒక్కటి బయటికి వస్తే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని తనకి తాను చెప్పుకుంటున్నాడు. ఇది పోతే ఇంకో గాయని పక్కన, ఇంకో పియానో బల్ల మీద కూర్చోవడమే గతి. ఈ వయసువాణ్ణి రెండోసారి ఎవరు పిలుస్తారు?

వాయింపు హాయిగా సాగింది. అన్నీ అందరికీ తెలిసిన పాత పాటలే. పాతికేళ్ల కిందట నాటకాల కోసమో, సినిమాల కోసమో ఎవరో కట్టినవి. నాటకాలు మూతపడ్డాయి, సినిమాలు డబ్బాల్లో మూలుగుతున్నాయి, పాటలు మాత్రం బతికిపోయాయి. ఒక్కోటీ ముప్పై రెండు ఆవర్తాలు, అంతే. ఆ కాస్త చోటులో ఎల్వుడ్ ఇల్లంతా తిరిగే పిల్లిలా తిరిగాడు. గాజు అవతల కాట్లర్ తల ఊపుతూనే ఉన్నాడు. అయిదయ్యేసరికి ఏడు పాటలు టేపుకెక్కాయి. చప్పుడు రాకుండా కిటికీకి దుప్పటి కొట్టారు కనక బయట చీకటి పడిందని కూడా వీళ్లకి తెలీదు.

స్పీకర్లో కాట్లర్ గొంతు వచ్చింది. "ఇంక ఒక్కటి. దీపం పాట కానివ్వండి."

పొద్దుటినుంచి కదులుతున్న ఎల్వుడ్ వేళ్లు ఆగాయి.

"అది మనం అనుకున్న వాటిలో లేదు కదండీ," అన్నాడు.

"అనుకున్నది నేనే, మార్చిందీ నేనే. చూడవయ్యా గేన్స్, నీ పేరు ఎవరికీ తెలీదు. ఒడెస్సా టిబ్స్ దగ్గర వాయించినవాడు అంటే తెలుసు. ఆ పాట పేరు అట్ట మీద కనబడితేనే జనం రికార్డుని చేత్తో పట్టుకుని చూస్తారు. అది లేకపోతే ఈ రికార్డే లేదు. ఎనిమిదింటికి స్టూడియో వాళ్లకి అప్పజెప్పాలి, కానివ్వు."

తొమ్మిది రోజులు ఆడి ఆగిపోయిన ఒక నాటకంలోది ఆ పాట. దీపం అప్పుడే ఆర్పొద్దు, మనం మాట్లాడుకోవలసింది ఇంకా ఉంది అని ఒకావిడ మొగుడితో అంటుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఒడెస్సా పాడితే మాత్రం హాల్లో పెళ్లయినవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవాళ్లు.

పియానోకి ఏ శ్రుతైనా ఒకటే. గొంతు సంగతి వేరు. ప్రతి గాయనికీ ప్రతి పాటకీ ఒక శ్రుతి ఉంటుంది, అది ఆవిడ సొంత ఆస్తి. పైగా వయసు మీద పడేకొద్దీ గొంతు కిందికి దిగుతుంది. ఆ సంగతి ఏ గాయనీ నోటితో ఒప్పుకోదు, ఏ పియానో వాడూ నోటితో అడగడు. స్టేజి ఎక్కేముందు ఒడెస్సా, "ఇవాళ పియానో బిగుసుకుపోయింది అబ్బాయ్," అనేది. అంటే ఒక మెట్టు దించమని. ఎల్వుడ్ బల్ల పక్కన ఎడమచెయ్యి వేలాడేసి వేళ్లు కిందికి చూపించేవాడు. ఎన్ని వేళ్లు చూపిస్తే ఏ శ్రుతో బేస్ వాయించేవాడికి తెలుసు, ఈ పనిలో ఉన్నవాళ్లందరిదీ అదే భాష. అలా పందొమ్మిదేళ్లలో దీపం పాట అయిదు మెట్లు దిగింది. హాల్లో ఒక్కడికీ తెలీలేదు. ఒడెస్సా గొంతు చెక్కుచెదరలేదని పత్రికలవాళ్లు రాసేవాళ్లు. అది చదివి ఆవిడా ఎల్వుడూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కారు.

"ఏ శ్రుతి?" అని లెమ్యూల్ అడిగాడు.

"అచ్చులో ఉన్నది. అందరూ వాయించేది," అన్నాడు ఎల్వుడ్.

లెమ్యూల్ ఒక్క క్షణం అతని వంక చూసి, బేస్ భుజానికి ఆనించుకున్నాడు.

మొదటి చుట్టు ఒడుదుడుకుల్లేకుండా వెళ్లింది. రెండో చుట్టు మొదట్లో లెమ్యూల్ ఒక మెట్టు కిందికి దిగాడు. ఎల్వుడ్ ఆలోచించలేదు, చేతులు వాటంతట అవే దిగాయి. పందొమ్మిదేళ్ల అలవాటు మరి. నాలుగు ఆవర్తాలు పోయాక గాని ఎక్కడున్నాడో అతనికి తెలిసిరాలేదు. ఆపేశాడు.

"అదేంటన్నా, దిగావు?"

"నువ్వు చూపించావుగా."

"ఏం చూపించాను?"

"వేళ్లు. ఎప్పుడూ చూపించే చోటే, బల్ల పక్కన."

ఎల్వుడ్ తన చేతుల వంక చూసుకున్నాడు. "నా రెండు చేతులూ పియానో మెట్ల మీదే ఉన్నాయి," అన్నాడు మెల్లగా.

లెమ్యూల్ బల్ల పక్కకి చూశాడు. అక్కడ నేల, పియానో కాలు, కాస్త దుమ్ము. "మరి..." అని కళ్లు నులుముకున్నాడు.

"పెద్దాయనకి చలికి కళ్లు బైర్లు కమ్మాయి," అన్నాడు క్లైడ్. "నా జేబులో చిన్న సీసా ఉంది, ఒక గుక్క పుచ్చుకో."

రెండోసారి మొదలుపెట్టబోతుంటే ఎల్వుడ్‌కి లవంగం వాసన వచ్చింది. ఎక్కడో కాదు, తన కుడిభుజం దగ్గర. పాటకి ముందు ఒడెస్సా బుగ్గన లవంగం పెట్టుకునేది, గొంతుకి మంచిదని.

"క్లైడ్, నోట్లో ఏమన్నా నములుతున్నావా?"

"చలి నములుతున్నాను గురూ."

వాయించారు. ఈసారి ఎల్వుడ్ మనసంతా శ్రుతి మీదే పెట్టాడు. అచ్చు శ్రుతి, అచ్చు శ్రుతి అని లోపల జపం చేసుకుంటూనే ఉన్నాడు. ఎనిమిది ఆవర్తాలు అయ్యాయి. పాట ఒక మెట్టు దిగింది. మళ్లీ ఎనిమిది. ఇంకో మెట్టు. లెమ్యూల్ ఈసారి కళ్లు గట్టిగా మూసుకుని వాయిస్తున్నాడు. ఎవరి వేళ్లూ చూడటం లేదు. అయినా ఇద్దరూ కలిసే దిగారు, చీకట్లో మెట్లు దిగే ఇద్దరు మనుషుల్లా. ఎల్వుడ్ ఊపిరి బిగబట్టాడు.

డ్రమ్స్ ఆగిపోయాయి.

"ఏమైంది?" అన్నాడు ఎల్వుడ్ వెనక్కి తిరక్కుండానే.

క్లైడ్ డ్రమ్స్ మీద రాసి వాయించే బ్రష్‌లు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. అతని గొంతులో వేళాకోళం లేదు. "ఎవరో ఊపిరి తీసుకున్నారు."

"నేనే అయుంటాను."

"నువ్వు కాదు గురూ. నాకూ నీకూ మధ్యలో. పాడబోయే ముందు గుండెనిండా తీసుకుంటారే... అలా."

పాడేవాళ్ల వెనక వాయించేవాడికి ఆ ఊపిరే ఆనవాలు. దాన్నిబట్టి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు అందుకోవాలో తెలుస్తుంది. పందొమ్మిదేళ్లు ఎల్వుడ్ చేసిన పని అదే, ఒకావిడ ఊపిరి వినడం. ఇప్పుడు కూడా విన్నాడు. క్లైడ్ కన్నా ముందే విన్నాడు. అందుకే తన ఊపిరి బిగబట్టాడు.

"ఏవిటయ్యా మీ గోల," అని కాట్లర్ స్పీకర్లో విసుక్కున్నాడు. "చక్కగా పోతుంటే ఆపుతారు. ఆ దిగడమేమిటి, కొత్త ఫ్యాషనా? పది నిమిషాలు ఆగండి, కాఫీ పట్టుకొస్తాను."

"నేనూ వస్తా," అన్నాడు క్లైడ్. అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు.

మెట్ల మీద వాళ్ల అడుగుల చప్పుడు కిందికి వెళ్లిపోయింది. గదిలో ఇద్దరే మిగిలారు. తలుపు మీద, టేపు తిరిగేటప్పుడు వెలిగే ఎర్రబల్బు ఆరిపోయి ఉంది. లవంగం వాసన మాత్రం పోలేదు.

"ఎల్వుడ్." లెమ్యూల్ గొంతు బాగా తగ్గించాడు, గదిలో ఇంకెవరో నిద్రపోతున్నట్టు.

"ఊఁ."

"డెట్రాయిట్‌లో ఆవిడ ఆఖరి కచేరీకి బేస్ నాదేగా, నువ్వు నాకు పై శ్రుతి చూపించావు. అచ్చు శ్రుతి. మిస్ ఒడెస్సాయే అడిగిందేమో అనుకున్నాను."

ఎల్వుడ్ పియానో మూత సగం దించి, మళ్లీ ఎత్తాడు.

"అడిగిందా?"

"లేదు."

చెప్పాడు, మొత్తం చెప్పాడు. మూడు నెలల్లో మొదటిసారి చెప్పాడు. ఆ రోజు కచేరీకి గంట ముందు అతనికి ఒక సంగతి తెలిసింది. అంతకు ఏడాది ముందే కాట్లర్ అతనితో రికార్డు చేద్దామని ఒడెస్సాకి ఫోన్ చేశాడు. ఆవిడ నవ్వి, "మా పియానో అబ్బాయా? నేను పక్కన లేకపోతే వాడు దారి తప్పి ఏడుస్తాడు," అని పెట్టేసింది. ఎల్వుడ్‌కి మాటమాత్రం చెప్పలేదు. ఏడాదిపాటు అతను ఆవిడ కోటు మోశాడు, ఆవిడ పెట్టె మోశాడు, నల్లవాళ్లని హోటళ్లలో గది ఇవ్వకపోతే కార్లో కూర్చుని ఆవిడకి కాపలా కాశాడు. ఆ సాయంత్రం ఆవిడ, "ఇవాళ పియానో బిగుసుకుపోయింది అబ్బాయ్," అంది. అతను తల ఊపాడు. స్టేజి ఎక్కి, పందొమ్మిదేళ్ల కిందటి శ్రుతిలో మొదలుపెట్టాడు.

గాయని అందుకునేదాకా పియానో వాడు మొదటి రెండు ఆవర్తాలే తిప్పి తిప్పి వాయిస్తాడు. ఆవిడకి అక్కడే తెలిసిపోయింది.

"నావైపు చూసిందన్నా. నేను తిప్పుతూనే ఉన్నాను. దించలేదు. చూసి చూసి... మొదలుపెట్టింది."

మధ్యలో పాట పైకి వెళ్లేచోట ఆవిడ గొంతు చీలిపోయింది. వెనక వరసలో ఎవడో నవ్వాడు. మిగిలిన పాటంతా ఆవిడ గుసగుసగా పాడింది. లోపలికి వచ్చాక ఎల్వుడ్‌ని పల్లెత్తు మాట అనలేదు. కోటు తనే తొడుక్కుని వెళ్లిపోయింది. నాలుగో రోజున గుండె ఆగిపోయిందని కబురు వచ్చింది.

లెమ్యూల్ బేస్‌ని గోడకి ఆనించాడు.

"ఆవిడ గొంతు పోయిందని నేను ఊరంతా చెప్పానురా," అన్నాడు. "వయసైపోయింది పాపం అని అందరితో అన్నాను."

"నన్ను తిట్టు అన్నా."

"నేను తిట్టడమేమిటి. నీతో మాట్లాడాల్సింది నేను కాదు." ఆయన చుట్టూ చూశాడు. "నేను కోటు వేసుకుని పోగలను. పోతే నీ రికార్డు పోతుంది. రికార్డు సంగతి దేవుడెరుగు, ఇది వాయించకుండా ఈ గదిలోంచి నువ్వు పోలేవు. సరైన శ్రుతిలో మొదలుపెట్టు. ఆవిడ శ్రుతిలో. పెట్టి... ఆవిడ అందుకునేదాకా తిప్పుతూ ఉండు."

క్లైడ్ కాఫీలతో వచ్చాడు. ముగ్గురూ తాగలేదు. కప్పుల మీద ఆవిరి చూస్తుండగానే పోయింది. గాజు అవతల కాట్లర్ కూర్చుని వేలు ఎత్తాడు. ఎర్రబల్బు వెలిగింది.

ఎల్వుడ్ ఎడమచెయ్యి బల్ల పక్కన వేలాడేసి, వేళ్లు కిందికి చూపించాడు. లెమ్యూల్ చూశాడు.

అయిదు మెట్లు కింద. మొదటి రెండు ఆవర్తాలు. తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

ఏమీ లేదు.

మళ్లీ. బేస్ గుండె కొట్టుకున్నట్టు నెమ్మదిగా. బ్రష్‌లు ఇసుక మీద కాలు ఈడ్చినట్టు. ఆరుసార్లయింది. ఎనిమిది. కాట్లర్ గాజు అవతల చెయ్యి తిప్పుతున్నాడు, కానివ్వు, కానివ్వు అని. ఎల్వుడ్ తల దించుకున్నాడు. చెమట ఆ చలిలో మెడ మీదుగా జారింది. ఆగకూడదు. ఆవిడ వచ్చేదాకా ఆగకూడదు. తొమ్మిది. పది...

లవంగం వాసన. పక్కన గుడ్డ రాపిడి.

ఊపిరి.

పాట మొదలైంది.

గొంతు అదే. కింది శ్రుతిలో, వెచ్చగా, ఎక్కడా ప్రయాస లేకుండా. ఎల్వుడ్‌కి కళ్లలో నీళ్లు నిండాయి. భయం వేసింది, సంతోషమూ వేసింది, ఏది ఎంతో తేల్చుకునే తీరిక లేదు. ఆవిడ ఆగినచోట ఆగాడు. సాగదీసినచోట సాగదీశాడు. పాట పైకి వెళ్లేచోటు వచ్చింది. ఆవిడ గొంతు వణకలేదు. అలవోకగా పైకి వెళ్లి అలవోకగా దిగింది. క్షమించు అని నోట్లోనే అనుకున్నాడు. అతను పందొమ్మిదేళ్లలో ఎన్నడూ అంత బాగా వాయించలేదు.

ఆఖరి స్వరం సన్నగిల్లి, పోయింది. క్లైడ్ ఎప్పుడు తీశాడో టోపీ తీసి గుండెకి పట్టుకుని ఉన్నాడు.

"విన్నారా..." అన్నాడు గొణుగుతూ.

"వినకేం," అన్నాడు లెమ్యూల్. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి.

ఎర్రబల్బు ఆరింది. కాట్లర్ స్పీకర్లో మొదట దగ్గాడు. "బ్రహ్మాండంగా ఉందయ్యా. ఇంత నాజూకుగా వాయించగలరని నాకు తెలీదు. కానీ..." ఆగాడు. "పాట ఏదీ?"

"అంటే?" అన్నాడు ఎల్వుడ్.

"రండి, మీరే వినండి."

ముగ్గురూ ఇరుకు గదిలో నిలబడి విన్నారు. టేపు తిరిగింది. పియానో పదిసార్లు అదే తిప్పింది. తరవాత పాట ఉండవలసిన చోట పియానో పక్కకి తప్పుకుంది. ఖాళీ. ఆ ఖాళీ చివర పియానో ఒక చిన్న జవాబు చెప్పింది. మళ్లీ ఖాళీ. బేస్ కూడా ఎవరికో దారి ఇచ్చి నడుస్తోంది, బ్రష్‌లు ఎవరి మాటకో అడ్డం రాకుండా తగ్గి ఉన్నాయి. మొదటినుంచి చివరిదాకా ముగ్గురిలో ఒక్కడు కూడా పాట వాయించలేదు. ఎల్వుడ్ తన సొంత రికార్డులో, తన పేరున్న ఒకే ఒక్క రికార్డులో, ఎవరి వెనకో పక్కవాద్యం వాయించాడు.

"మీకు వినబళ్లేదా?" అన్నాడు క్లైడ్ కాట్లర్‌తో.

"ఏం వినబడాలి?"

క్లైడ్ టోపీ పెట్టుకున్నాడు. ఇంకోసారి తీద్దామన్నాడు కాట్లర్. ఆ మాట అనేటప్పటికే లెమ్యూల్ బేస్‌కి సంచీ తొడుగుతున్నాడు. ఆ పాట ఈ జన్మలో మళ్లీ ముట్టుకోనని, కావలిస్తే తనకి రావలసిన డబ్బు కోసుకోమని చెప్పి మెట్లు దిగిపోయాడు. కాట్లర్ కాసేపు తిట్టాడు, కాసేపు జుట్టు పీక్కున్నాడు. చివరికి ఆ పాటని అలాగే రెండోవైపు ఆఖర్న పెడతానని, అక్కడిదాకా ఎవరూ వినరని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

రికార్డు ఏప్రిల్లో వచ్చింది. ఎల్వుడ్ రెండు వారాలు ఇంట్లోంచి కదల్లేదు. ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని భయం, ఎవరూ ఏమీ అనలేదేమని ఇంకో భయం. మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఎండ బాగా కాస్తుంటే ఉండబట్టలేక నలభై ఏడో వీధిలో రికార్డుల దుకాణానికి వెళ్లాడు. అక్కడ అతన్ని ఎరిగినవాళ్లు లేరు. అట్ట మీద బొమ్మ లేదు కదా. కౌంటర్ వెనక యాభై ఏళ్ల లావుపాటి ఆవిడ వేరుశనగ గింజలు ఒలుచుకు తింటోంది. దుకాణం ఆవిడదే.

"ఆ నీలం అట్ట రికార్డు, గేన్స్ అని పియానో ఆయనది... పోతోందా అండీ?" అన్నాడు, ఎటో చూస్తూ.

"పోవడమేమిటి నాయనా, తెచ్చింది తెచ్చినట్టే పోతోంది. ఇది నాలుగో పెట్టె."

ఎల్వుడ్ గుండె ఒక్కసారి తేలికపడింది. ఇన్ని నెలల బరువు, ఆ మాటకొస్తే పందొమ్మిదేళ్ల బరువు. "అంత బాగుందా పియానో?" అన్నాడు.

"పియానోదేముంది. ఆ చివరి పాట కోసం కొంటున్నారు అందరూ. ఆవిడ అలా పాడుతుంటే పియానో ఎవరికి కావాలి? కంపెనీవాళ్లు ఎంత మొద్దులో చూడు, పాడినావిడ పేరు అట్ట మీద వెయ్యలేదు."

ఎల్వుడ్ కౌంటర్ అంచు పట్టుకున్నాడు. వేళ్లు కదలడం లేదు. "ఒక్కసారి పెడతారా," అన్నాడు.

ఆవిడ చేతులు దులుపుకుని ముల్లు ఆఖరి పాట మీద పెట్టింది. పియానో తిప్పుడు మొదలైంది. పదిసార్లు. తరవాత ఖాళీ. పియానో జవాబు. ఖాళీ. ఎల్వుడ్ చెవులు రిక్కించాడు. కళ్లు మూసుకున్నాడు. ఒక్క స్వరం, ఒక్క ఊపిరి వినబడితే చాలనుకున్నాడు. తనవి, తన వేళ్ల చప్పుళ్లు తప్ప ఏమీ లేవు.

కళ్లు తెరిచేసరికి దుకాణంలో ఉన్న అయిదారుగురూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయి ఉన్నారు. ఒక ముసలావిడ చేతిసంచీ గుండెకి హత్తుకుని కళ్లు తుడుచుకుంటోంది. పాట అయిపోయింది, ముల్లు ఉత్తి గీతల మీద గీరుకుంటోంది. అప్పుడు ఎవరో ఏదో అన్నట్టు అందరూ ఒకేసారి తలలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు.

"చివర ఏమంది?" అని ఎల్వుడ్ అడిగాడు. అతని గొంతు అతనికే వినబడలేదు.

"నీకు వినబడలేదూ?"

"వీధిలో రొద... సరిగ్గా వినబడలేదు."

దుకాణం ఆవిడ ముల్లు ఎత్తి పక్కన పెట్టింది. రికార్డు తీసి వెలుతురుకి తిప్పి చూసింది. తిరగేసి మళ్లీ చూసింది. వేరేది పెట్టానేమో అని గొణుక్కుంది.

"రోజుకి ఇరవైసార్లు వింటున్నాను దీన్ని," అంది. "పాట అయ్యాక 'ఇంకా ఎప్పుడొస్తావు' అని అడుగుతుంది. మూడు వారాలుగా అదే మాట. నిన్న సాయంత్రం దుకాణం కట్టేసే ముందు కూడా అదే అంది."

"ఇవాళ?"

ఆవిడ మొట్టమొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది.

"'వచ్చావా, కూర్చో' అంది."